క్లాసుకు ముందే ఫిజిక్స్ – 4వ పాఠం: వీడియో చూశారు, అయినా తప్పే రాశారు

పోయిన పాఠంలో, ఫిజిక్స్ టీచర్లైన మిమ్మల్ని పది నిమిషాల వీడియో చేసి, క్లాసుకు ముందురోజు రాత్రి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాను. పెట్టారు, పిల్లలు చూశారు కూడా. తీరా క్లాసులో అడిగితే పాత తప్పే చెప్పారని చాలామంది రాశారు. అందుకే ఈరోజు చెబుతానన్న ఫెట్ సిమ్యులేషన్లను (ప్రయోగాలను కంప్యూటర్ తెరమీదే చేసి చూసే నమూనాలు) వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను.

వీడియో మరీ సాఫీగా సాగింది, చిక్కంతా అక్కడే. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చెప్పే ఇంటర్ ఫస్టియర్ క్లాసులోనూ ఇదే జరిగింది. నిట్టనిలువుగా విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తులో వేగం సున్నా అయినా త్వరణం 9.8 మీ/సె² కిందికే ఉంటుందని వీడియోలో స్పష్టంగా చెప్పాను. రెండుసార్లు చూసిన అమ్మాయే మర్నాడు, "బంతి అక్కడ ఆగింది కదా సార్, ఇంక త్వరణం ఎక్కడిది?" అంది.

సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ మల్లర్ 2008 నాటి తన పీహెచ్‌డీలో దీన్నే పరీక్షించారు. సూటిగా వివరించే వీడియో సులువుగా ఉందన్న విద్యార్థులకు మార్కులు పెద్దగా పెరగలేదు. తప్పు ఆలోచనను ముందు బయటపెట్టి చర్చించిన వీడియో గందరగోళంగా ఉందన్నవాళ్ళకే పెరిగాయి.

కాబట్టి వీడియోకు ముందు ఒక్క ప్రశ్న పెట్టండి: "గరిష్ఠ ఎత్తులో త్వరణం ఎంత? ఎందుకు?" నాలుగు ఆప్షన్లు ఇవ్వకండి, మన పిల్లలు టిక్కు పెట్టడంలో ఆరితేరారు. వీడియోను వాళ్ళ తప్పుతోనే మొదలుపెట్టండి: "త్వరణం సున్నా అనుకుందాం. అప్పుడు వేగం మారకూడదు, సున్నాగానే ఉండిపోవాలి. మరి బంతి గాల్లోనే వేలాడాలి కదా?"

ఇక వీడియోతోపాటు పిల్లలకు పంపే ప్రశ్నల ఫారం చివర "అర్థమైందా?" అన్న ప్రశ్న. దయచేసి తీసేయండి. మీరు నాకు పంపిన ఫారాల్లో దాదాపు అన్నింటిలోనూ ఉంది. "అర్థమైంది సార్" అనడం మన పిల్లలకు మర్యాద. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే హాస్టల్లో ఖాళీ కడుపుతో "తిన్నా" అన్నట్టే. ఆ జవాబులు చూసి మీరు ధైర్యంగా క్లాసుకు వెళ్తున్నారు, అక్కడే దెబ్బతింటున్నారు. అది తీసేసి "ఎందుకు"కి వచ్చిన జవాబులు చదవండి. నేను పొద్దున మియాపూర్ నుంచి మెట్రోలో వస్తూ అన్నీ చదివేస్తాను.

అభ్యాసం: "మెట్రో బ్రేక్ వేస్తే ముందుకు తూలుతాం. ముందుకు తోసిన బలం ఏది?" ఈ ప్రశ్న ఇరవై మందికి పంపండి. జవాబులను కాగితం ముక్కల మీద, వాళ్ళ మాటల్లోనే, దిద్దకుండా రాసి కుప్పలుగా వేరుచేయండి. అన్నింటికంటే పెద్ద తప్పు కుప్పలోంచి ఒక వాక్యం తీసి, దానితో మొదలయ్యే మూడు నిమిషాల వీడియో చేయండి.