మనోవిశ్లేషణతో నవల చదవడం – 3: పగిలిన కూజా

కిందటి పాఠంలో ఆంగ్ల రచయిత కిప్లింగ్ 1901 నాటి నవల ‘కిమ్’లో, లాహోరు వీధుల్లో పెరిగిన కిమ్ అనే కుర్రాడి తండ్రి గురించి మాట్లాడుకున్నాం. ఐరిష్ సైనికుడైన ఆ తండ్రి తాగుడుతో, నల్లమందుతో ప్రాణం పోగొట్టుకున్నాడు. కొడుక్కి మిగిల్చింది ఒక తాయెత్తులోని కాగితాలు, పచ్చని మైదానంలో ఎర్ర ఎద్దు కనిపిస్తుందన్న జోస్యం. తన కన్నవాళ్లు వేరే ఎవరో గొప్పవాళ్లని పిల్లలు ఊహించుకోవడం గురించి మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1909లో రాశాడు. కిమ్‌కు ఆ ఊహ తండ్రి పటాలం జెండా మీద ఎద్దు బొమ్మగా నిజంగానే ఎదురైంది.

ఈసారి ఒక్కటే సన్నివేశం. తొందరపడకుండా చదువుదాం.

సిమ్లాలో, బ్రిటిష్ వాళ్ల కోసం గూఢచారులకు తర్ఫీదు ఇచ్చే లుర్గన్ దుకాణం. కిమ్ గూఢచారి పనికి తగినవాడా కాదా అన్నది పరీక్ష. కూజాను తన వైపు విసరమంటాడు లుర్గన్. అది అందక కింద పడి ముక్కలవుతుంది, నీళ్లు వసారా చెక్కల సందుల్లోంచి కారిపోతాయి. లుర్గన్ పిల్లవాడి మెడ మీద చెయ్యి వేసి, ముక్కలు మళ్లీ అతుక్కుంటున్నాయి చూడమంటాడు. కిమ్ కళ్ల ముందు కూజా రూపం కట్టడం మొదలవుతుంది కూడా. అంతవరకు అతని ఆలోచన హిందీలో సాగుతోంది. మునిగిపోతున్న మనసు ఒక్క ఉదుటున ఇంగ్లీషు ఎక్కాలను పట్టుకుంటుంది: రెండు మూళ్లు ఆరు, మూడు మూళ్లు తొమ్మిది... నీడ విడిపోతుంది. కూజా పగిలే ఉంది.

‘కిమ్ అహం (గర్వం కాదు, ‘నేను’ అనే ఎరుక) నిలదొక్కుకుంది’ అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది తప్పు కాదు గాని సగమే. దేన్ని పట్టుకుని నిలదొక్కుకుంది? లాహోరు వీధులు, ఆకలి, ఆటలు, పెంచిన మనిషి మాటలు, ఇవన్నీ అతనికి ఈ దేశపు భాషలో అందినవి. నవల ఆ భాషను మింగేసే చీకటి వైపు ఉంచి, ఇంగ్లీషును ఒడ్డుగా చూపిస్తుంది. పెద్దవాడు కావడమంటే బాల్యపు భాషను వదలడమని చెప్పే ఈ అమరిక మనసు సహజధర్మం కాదు, వలస పాలన వేసిన ముద్ర. నాకు ఈ నవలలో అన్నిటికన్నా బాధ కలిగించే చోటు ఇదే.

1865లో బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాసుకున్నాడు. ఆయాల దగ్గర నుంచి అమ్మానాన్నల దగ్గరికి పంపేటప్పుడు ‘ఇప్పుడు ఇంగ్లీషులో మాట్లాడండి’ అని హెచ్చరించేవారట. తాము కలలు కనే భాషలోంచి పిల్లలు తడబడుతూ తర్జుమా చేసుకునేవారు. అంతమాత్రాన కిమ్‌నే కిప్లింగ్ అనుకోకండి. రచయిత జీవితం ప్రశ్నను పదునుపెట్టడానికి మాత్రమే, జవాబుగా వాడుకోవడానికి కాదు.

అభ్యాసం: చివరి అధ్యాయంలో జబ్బు నుంచి లేచిన కిమ్ ‘కిమ్ అంటే ఏమిటి?’ అని తనను తాను అడుగుతాడు, కన్నీళ్లు కారతాయి, మర్రిచెట్టు దగ్గర నేల మీద వాలి నిద్రపోతాడు. అక్కడ నేలను రచయిత తల్లి అంటాడు. కన్నతండ్రి, లుర్గన్ లాంటి తండ్రి స్థానంలోని మనుషులు ఇంతమంది తర్వాత తల్లి ఎందుకు వచ్చింది? ఆ పేరాలు రెండుసార్లు చదివి, ఒక పేజీ రాసి ఉంచుకోండి. నాలుగో పాఠం అక్కడినుంచే.