పీడకల క్లైమాక్స్ మార్చేశాను

మూడు వారాలు ఒకటే కల, అచ్చం యానిమేషన్ సినిమాలా. అన్నీ నల్లటి గీతలు, మధ్యలో మైనంలా మెరిసే రంగులు. గోడ మీది బొమ్మ పిల్లి కిందికి దిగి, నన్ను రబ్బరుతో చెరిపేసేది. ముందు చిటికెన వేలు, తర్వాత అరచెయ్యి. నొప్పి ఉండదు, తెల్ల కాగితం మిగులుతుంది. అరుద్దామంటే నోరు అప్పటికే చెరిగిపోయి ఉండేది. ఉలిక్కిపడి లేస్తే తెల్లవారుజాము నాలుగున్నర. కలలు ఎక్కువగా వచ్చే దశ, అంటే రెమ్ నిద్ర, రాత్రి చివర్లోనే ఎక్కువ కాబట్టి ఆ టైమ్‌లో వింతేం లేదు.

ఫోన్ దూరంగా పెట్టడం, త్వరగా పడుకోవడం... లాభం లేదు. చివరికి పనిచేసింది ఇమేజరీ రిహార్సల్. పీడకలలకు అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో సిఫారసు చేసిన పద్ధతి ఇది. పగటిపూట కలను రాసుకుని, కథను మనకు నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కథనే రోజూ 10-20 నిమిషాలు మనసులో ఆడించుకోవాలి. నేనైతే పిల్లి పంజాలోంచి రబ్బరు లాక్కుని పెన్సిల్ పెట్టాను. అది నాకు ఆరో వేలు గీసింది. (రాస్తుంటే నాకే నవ్వొచ్చింది.)

మొదటి వారం ఏ తేడా లేదు, మానేద్దామనుకున్నా. పదో రోజు కల వచ్చింది గానీ పిల్లి గోడ దిగలేదు. ఆ తర్వాత వచ్చింది రెండుసార్లే. మొన్నయితే ఓ మూల కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటోంది.