నెలసరి ఆగాక మారిన ఒళ్ళు: ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళేముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

మా టైలరమ్మ దగ్గర నా కొలతల పుస్తకం పదేళ్ళ నుంచీ ఉంది. మొన్న దసరాకి చుడీదార్ కుట్టించుకోడానికి వెళితే పాత పేజీ తీసి చూపించింది. బరువు పెరిగింది రెండు కిలోలే, నడుము మాత్రం మూడంగుళాలు. తిండి ఎక్కువైందేమో అని నన్ను నేనే తిట్టుకున్నా గానీ ఇదంతా తిండి వల్లే కాదు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గిపోయాక తొడలకీ పిరుదులకీ పట్టే కొవ్వు పొట్టకి మళ్ళుతుంది, కండ తగ్గుతుంది. నెలసరి ఆగిన మొదటి 5 ఏళ్ళలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ 30 శాతం దాకా పోతుందంటారు, అందుకే చెంపలు జారినట్టు, మెడ కింద చర్మం వేలాడినట్టు అనిపిస్తుంది.

12 నెలలు వరసగా నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు. ఆ తర్వాత చుక్క రక్తం కనబడినా ముందు గైనకాలజిస్టు దగ్గరికి పరుగెత్తండి, అందం సంగతి తర్వాత. మన రెండు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు చాలామంది. అండాశయాలు కూడా తీసేసి ఉంటే 38 ఏళ్ళకే ఇవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వాళ్ళు ముందు ఎముకల సంగతి, హార్మోన్ల సంగతి చూపించుకోవాలి. జుట్టు రాలుతోందన్నా, ఊరికే లావవుతున్నామన్నా థైరాయిడ్ పరీక్ష చేయించాకే మిగతావి.

ఇక పొట్ట. కన్సల్టేషన్ ఫీజు కట్టేముందు మంచం మీద వెల్లకిలా పడుకుని బొడ్డు పక్కన రెండు వేళ్ళతో పట్టి చూడండి. మెత్తగా చేతిలోకి వచ్చేది చర్మం కింది కొవ్వు, లైపోసక్షన్ (గొట్టం పెట్టి కొవ్వు లాగేయడం) తీయగలిగేది దాన్ని మాత్రమే. పడుకున్నా పొట్ట మద్దెలలా గట్టిగా పైకే నిలబడి ఉంటే ఆ కొవ్వు చాలావరకు లోపల పేగుల చుట్టూ ఉన్నట్టు. దాన్ని ఏ సర్జనూ గొట్టం పెట్టి లాగలేడు, నడకా, బరువులెత్తే వ్యాయామమూ, అన్నం తగ్గించడమూ తప్ప దారి లేదు. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే షుగరూ బీపీ కూడా చూపించుకోండి.

కాన్పుల తర్వాత కండరాలు నడిమధ్యలో విడిపోయి, చర్మం వేలాడుతుంటే లైపోసక్షన్ పనికిరాదు, దానికి టమ్మీ టక్ చెబుతారు. ఎక్కువైన చర్మం కోసేసి, కండరాలు దగ్గరికి లాగి కుడతారు. గాటు ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా ఉంటుంది, చీర కుచ్చిళ్ళ కింద దాగుతుంది గానీ చెరిగిపోదు. వారం పది రోజులు వంగి నడవాలి, దాదాపు 6 వారాలు బరువులు ఎత్తకూడదు. గ్రైండర్ గిన్నె, నీళ్ళ బకెట్టు, మనవడు, అన్నీ బరువులే. ఇంట్లో ఎవరు చేస్తారో తేల్చుకోకుండా తేదీ తీసుకోకండి. (హెర్నియా ఆపరేషన్ అని బంధువులకి చెప్పుకుంటారో, నిజమే చెబుతారో మీ ఇష్టం.)

ముఖానికి వస్తే, బొటాక్స్ ఇంజెక్షన్ 3, 4 నెలలు పనిచేస్తుంది, ముడతలకే గానీ జారిన చర్మానికి కాదు. పై రెప్ప కళ్ళ మీదికి దిగినవాళ్ళకి రెప్ప సర్జరీ మంచిదే, అయితే కనుబొమే కిందికి జారి ఉంటే రెప్ప ఒక్కటే కోసి లాభం లేదు. ఇంకోటి, ఈ వయసులో కళ్ళు పొడిబారడం మామూలు, ఈ సర్జరీతో అది ఎక్కువవ్వొచ్చు. కంట్లో చుక్కలు వేసుకుంటుంటే ఆ మాట మొదటే చెప్పండి. రొమ్ములు పైకి ఎత్తి కుట్టే సర్జరీకైతే ముందు మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) తప్పనిసరి అనుకోండి.

యోనిని లేజర్‌తో బిగుతు చేస్తామనే ప్రకటనలకి మాత్రం దూరంగా ఉండండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే వాటి మీద హెచ్చరించింది, కాలిన గాయాలూ మచ్చలూ అయిన కేసులున్నాయి. యోని పొడిబారడానికి గైనకాలజిస్టు రాసే ఈస్ట్రోజన్ క్రీము చవకా, సులువూ.

డాక్టరు పేరు పక్కన ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ డిగ్రీ ఉందా చూడండి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరు వెతకండి. కాస్మెటాలజిస్ట్ అన్న బోర్డు చూసి కత్తి పట్టనివ్వకండి. మత్తు ఎవరిస్తారు, ఐసీయూ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. హార్మోన్ మాత్రలు, ఆస్పిరిన్, పొడులూ కషాయాలూ ఏవి వాడుతున్నా దాచకండి, హార్మోన్ మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి కొన్నాళ్ళు ఆపమంటారేమో. చెవులో ముక్కో కుట్టించుకున్న చోట కాయ కట్టిందా? అదీ చెప్పాలి, మన చర్మానికి గాటు నల్లబడి ఉబ్బే గుణం ఎక్కువ.

డబ్బు విషయం: అందం కోసం చేయించుకునేదానికి ఆరోగ్య బీమా రాదు, పైగా జీఎస్టీ పడుతుంది. మళ్ళీ సరిచేయాల్సి వస్తే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

టమ్మీ టక్ తర్వాత వారాల తరబడి బిగుతు బెల్టు వేసుకోవాలి. వేడి ఆవిర్లు ఇంకా వస్తున్నవాళ్ళు రోహిణి కార్తెలో, విజయవాడలో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ బెల్టుతో ఎలా ఉంటారో ఒక్కసారి ఊహించుకోండి. తేదీ కార్తీకం వెళ్ళాక అడగండి.