కూలింగ్ వాటర్ పంపులకు ఆర్‌సీఎం: వర్క్‌షీట్ నుంచి శాప్ ప్లాన్ దాకా

శాప్ పీఎం (శాప్ సాఫ్ట్‌వేర్‌లోని ప్లాంట్ మెయింటెనెన్స్ విభాగం) వాడే ప్లాంట్‌లో రెండు కూలింగ్ వాటర్ పంపులకు రిలయబిలిటీ సెంటర్డ్ మెయింటెనెన్స్, అంటే ఆర్‌సీఎం (యంత్రం ఏ పని చేయాలి, ఎలా పాడవుతుంది అని చూసి మెయింటెనెన్స్ ఎంచుకునే పద్ధతి) విశ్లేషణ ఎలా పెట్టుకోవాలో చూద్దాం. పంపు ఎ నడుస్తుంటుంది, పంపు బి స్టాండ్‌బై. కింద వచ్చే ఫ్లో, ప్రెజర్, వారాల అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే, వాటి బదులు మీ ప్లాంట్ అంకెలు పెట్టుకోవాలి. మూల శాప్ పీఎంలో ఆర్‌సీఎం వర్క్‌షీట్ ఉండదు. విడి మాడ్యూల్ కొన్నవాళ్లు అందులో, మిగతావాళ్లు ఎక్సెల్‌లో రాసి, ప్రతి ఫెయిల్యూర్ మోడ్‌కు (పాడయ్యే ఒక్కో తీరుకు) ఒక నంబరిచ్చి ఆ నంబరునే శాప్ ప్లాన్‌లోకి తీసుకెళ్లాలి. మాక్సిమో అనే ఇంకో మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ అయితే స్క్రీన్ల పేర్లు మారతాయి గానీ పని వరస ఇదే.

సరిహద్దు, పాత రికార్డులు

మొదట సరిహద్దు గీయండి. సక్షన్ స్ట్రెయినర్ లోపలా బయటా? మోటారు ఇందులోనేనా, ఎలక్ట్రికల్ వాళ్ల విశ్లేషణలోనా? డిశ్చార్జి దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు ఎవరిది? ఇది రాసిపెట్టకపోతే ఆ వాల్వు రెండు విశ్లేషణల్లోనూ జారిపోతుంది. శాప్‌లో పరికరాల స్థానాలను వరసగా చూపే ఫంక్షనల్ లొకేషన్ చెట్టులో రెండు పంపుల పైన ఒక సిస్టమ్ స్థాయి ఉండాలి. ప్రెజర్ పడితే పంపు బిని స్టార్ట్ చేసే ఆటో స్టార్ట్ ప్రెజర్ స్విచ్ ఏ ఒక్క పంపుదీ కాదు, సిస్టమ్‌ది.

తర్వాత ఐదేళ్ల నోటిఫికేషన్లు (శాప్‌లో నమోదైన ఫిర్యాదులు) బయటికి తీయండి. ఐడబ్ల్యూ29 అనే శాప్ స్క్రీన్‌లో జాబితా వస్తుంది, ఐడబ్ల్యూ69లో ఒక్కో ఐటమ్‌కు వేసిన లోపం, కారణం కోడ్‌లు వస్తాయి. కోడ్‌లను నమ్ముకుని కూర్చోవద్దు, లాంగ్ టెక్స్ట్ చదవండి. చాలాచోట్ల ‘పంప్ నాట్ వర్కింగ్’ అనే మూడు మాటలే ఉంటాయి. అప్పుడు ఆ పని చేసిన ఫిట్టర్‌ను పిలిచి అడగాలి. ఆర్‌సీఎం బృందంలో ఆపరేషన్స్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ నుంచి తలా ఒకరు, నడిపించడానికి ఒకరు చాలు. ఆ పంపు మీద చెయ్యి పెట్టిన మనిషి మాత్రం బృందంలో ఉండి తీరాలి.

ఫంక్షన్‌లో అంకె ఉండాలి

విశ్లేషణ మొత్తంలో ఎక్కువసేపు కూర్చోవలసింది ఇక్కడ. ‘నీళ్లు పంపుట’ అని రాస్తే పంపు ఎప్పుడు ఫెయిలైందో ఎవరూ చెప్పలేరు. ఇలా రాయాలి: ‘కూలింగ్ టవర్ బేసిన్ నుంచి గంటకు కనీసం 800 క్యూబిక్ మీటర్ల నీటిని, హెడర్ (పంపుల నీళ్లు కలిసే పెద్ద పైపు) దగ్గర ప్రెజర్ 3.5 బార్‌కు తగ్గకుండా పంపడం.’

ఆ 800 పంపు నేమ్‌ప్లేట్ మీది అంకె కాదు, ప్రాసెస్‌కు కావలసిన అంకె. నేమ్‌ప్లేట్ మీద 1,000 ఉందనుకోండి. ఇంపెల్లర్ అరిగి 900కు దిగినా ఇంకా ఫెయిల్యూర్ కాదు. 1,000 రాసుకుంటే అవసరం లేకుండా ఓవర్‌హాల్‌కు తీస్తారు. అసలు అవసరమే 1,050 అయితే ఏ మెయింటెనెన్సూ ఆ పంపును గట్టెక్కించలేదు. అది డిజైన్ సమస్య, వర్క్‌షీట్‌లో అలాగే రాయాలి. అవసరం అంకెను ఏప్రిల్, మే నెలల లెక్కతో తీయండి. జనవరి చల్లదనంలో సరిపోయిన ఫ్లో నడివేసవిలో సరిపోదు.

ఈ ఫంక్షన్ నుంచి ఫంక్షనల్ ఫెయిల్యూర్లు రెండు వస్తాయి: అసలు పంపకపోవడం, 800 కన్నా తక్కువ పంపడం. రెంటికీ కారణాలు వేరు కాబట్టి విడివిడిగా రాయాలి. చిన్న ఫంక్షన్లు కూడా ఇక్కడే చేర్చాలి: సీల్ దగ్గర నీళ్లు కారకుండా ఆపడం, ఆగిన పంపులోంచి నీరు వెనక్కి రాకుండా చూడడం, హెడర్ ప్రెజర్ 2.8 బార్‌కు పడితే 10 సెకన్లలో పంపు బి తనంతట తాను స్టార్ట్ కావడం.

ఫెయిల్యూర్ మోడ్ ఎంత లోతుగా రాయాలి

‘బేరింగ్ ఫెయిల్’ అని రాస్తే ఏ పని పెట్టాలో తేలదు. ‘మోటారు నాన్ డ్రైవ్ ఎండ్ బేరింగ్‌లో గ్రీజు ఎక్కువై వేడెక్కి పాడవడం’ అంటే తేలుతుంది: గ్రీజు ఎన్ని గ్రాములో, ఎన్ని గంటలకోసారో టాస్క్ లిస్టులో (శాప్‌లో పని అడుగుల జాబితాలో) రాయాలి, డ్రెయిన్ ప్లగ్ తీసి పెట్టమని చెప్పాలి. అదే బేరింగ్ కప్లింగ్ అలైన్‌మెంట్ తప్పి పాడైతే అది వేరే మోడ్, దాని పని కూడా వేరు. పని ఎంచుకోవడానికి చాలినంత లోతుకు దిగి ఆగాలి. లోహపు రేణువుల దాకా వెళ్తే వర్క్‌షీట్ ఎప్పటికీ ముగియదు. ఇప్పటిదాకా జరిగినవి, ప్రస్తుతం పీఎం (ముందస్తుగా చేసే ప్రివెంటివ్ మెయింటెనెన్స్) ఆపుతున్నవి, జరగకపోయినా జరిగే వీలు బాగా ఉన్నవి, ఈ మూడు రకాలూ ఉండాలి.

ఫెయిలైతే ఏమవుతుందో రాసే ఎఫెక్ట్ గడి నింపేటప్పుడు, దీన్ని ఆపడానికి ఎవరూ ఏమీ చేయడం లేదనుకుని రాయండి. ‘నెలనెలా వైబ్రేషన్ చూస్తాం కాబట్టి ముందే తెలుస్తుంది’ అని రాస్తే ఆ నెలనెలా పని అవసరమో కాదో ఇక తేల్చలేరు. కంట్రోల్ రూమ్‌లో ఏ అలారం వస్తుంది, మనుషులకు ప్రమాదముందా, లోడ్ ఎంత తగ్గుతుంది, బాగుచేయడానికి ఎన్ని గంటలు, ఏ స్పేర్ కావాలి అన్నవి చాలు.

పూర్తయిన మోడ్‌లను శాప్ కేటలాగ్ కోడ్‌లకు జత చేయండి: బి ఆబ్జెక్ట్ పార్ట్, సి డ్యామేజ్, 5 కాజ్. కోడ్ గ్రూపులు క్యూఎస్41లో తయారవుతాయి. ఈ పంపులకు వర్తించే కోడ్‌లు మాత్రమే డ్రాప్‌డౌన్‌లో కనబడాలి. 200 కోడ్‌లు కనబడితే షిఫ్ట్ చివర్లో అలసిపోయిన మనిషి మొదటిదే నొక్కుతాడు, అతన్ని తప్పుపట్టలేం.

బయటపడని ఫెయిల్యూర్: ఆ ప్రెజర్ స్విచ్

పంపు ఎ బాగా నడుస్తున్నంత కాలం ఆటో స్టార్ట్ స్విచ్ చచ్చిపోయి ఉన్నా ఎవరికీ తెలియదు. పంపు ఎ ట్రిప్ అయిన రోజే తెలుస్తుంది. అందుకే కాన్సిక్వెన్స్ ప్రశ్నల్లో మొదటిది ‘మామూలుగా నడుస్తుండగా ఇది ఫెయిలైతే ఆపరేటర్‌కు తెలుస్తుందా?’ జవాబు కాదైతే మోడ్‌ను హిడెన్ అని గుర్తించి, పరీక్ష ఎన్నాళ్లకోసారో లెక్క కట్టాలి.

సూత్రం చిన్నదే: 2 × ఒప్పుకోదగ్గ అన్‌అవైలబిలిటీ (పనిచేయని స్థితిలో ఉండే వంతు) × స్విచ్ ఎంటీబీఎఫ్ (రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు కాలం). ఎంటీబీఎఫ్ పదేళ్లు, కావలసిన అవైలబిలిటీ 99 శాతం అనుకుంటే 2 × 0.01 × 10, అంటే 0.2 సంవత్సరం, 73 రోజులు. ప్లాన్‌లో 60 రోజులు పెట్టుకోవచ్చు. ఏడాదికోసారి షట్‌డౌన్‌లో చూస్తే చాలు అనే అలవాటుతో ఈ 99 శాతం రాదు.

పరీక్ష ఎలా చేస్తారన్నది అంతకన్నా ముఖ్యం. ప్యానెల్ దగ్గర వైరు షార్ట్ చేసి పంపు బి స్టార్ట్ అయిందని టిక్ పెడితే మీరు పరీక్షించింది రిలేని, స్టార్టర్‌ని మాత్రమే. హెడర్ ప్రెజర్‌ను స్విచ్ దాకా తెచ్చే సన్న పైపు, అంటే ఇంపల్స్ లైన్, తుప్పుతో, నాచుతో మూసుకుపోయి ఉంటే ఈ పరీక్ష దాన్ని పట్టుకోదు. ఆ లైన్ మొదట్లో ఉండే రూట్ వాల్వు మూసి, ఇంపల్స్ లైన్ డ్రెయిన్ తెరిచి, స్విచ్ దగ్గర ప్రెజర్ నిజంగా పడేలా చేయాలి. ఎన్ని బార్‌ల దగ్గర స్విచ్ పనిచేసిందో, ఎన్ని సెకన్లకు పంపు బి అందుకుందో రాయాలి. డ్రెయిన్ మూసి రూట్ వాల్వు తెరిచాక, లైన్‌లోకి నీళ్లు ధారగా వస్తున్నాయో లేదో అదే డ్రెయిన్‌ను ఓసారి వదిలి చూడాలి. తర్వాత స్విచ్ మామూలు స్థితికి వచ్చిందని కంట్రోల్ రూమ్‌తో చెప్పించుకోవాలి. పరీక్షకు మూసిన రూట్ వాల్వును తెరవడం మర్చిపోతే తర్వాత హెడర్ ప్రెజర్ ఎంత పడినా అది స్విచ్ దాకా చేరదు. ఈ అడుగులన్నీ టాస్క్ లిస్టులో విడివిడి ఆపరేషన్లుగా ఉండాలి. ‘ఆటో స్టార్ట్ చెక్’ అని ఒక్క లైన్ రాసి వదలకూడదు.

పని ఎంపిక, వ్యవధి

కండిషన్ చూసే పని వీలవుతుందా అన్నది ముందు అడగండి. లోపం కనబడే స్థాయికి వచ్చిన నాటి నుంచి పూర్తిగా ఫెయిలయ్యే దాకా ఉండే కాలం పీ-ఎఫ్ ఇంటర్వెల్. బేరింగ్ వైబ్రేషన్‌కు అది ఎనిమిది వారాలనుకుంటే సగం, అంటే నాలుగు వారాలకోసారి చూస్తారు. ఇక్కడితో ఆగకండి. చివరి రీడింగ్ తీసుకున్న మర్నాడే లోపం మొదలైతే అది దొరికే సరికి చేతిలో మిగిలేది నాలుగు వారాలే. బేరింగ్ తెప్పించడానికి ఆరు వారాలు పడితే ఆ రీడింగ్ వల్ల లాభం లేదు. రెండు వారాలకోసారి చూడాలి, లేదా బేరింగ్ ఒకటి స్టోర్‌లో ఉంచాలి. ఎంత తరచుగా ఫెయిలవుతుందన్నదానికీ ఈ వ్యవధికీ సంబంధం లేదు. పదేళ్లకోసారి ఫెయిలయ్యే బేరింగ్‌కైనా పీ-ఎఫ్ ఎనిమిది వారాలే కావచ్చు.

గడువు పెట్టి మార్చే పనుల విషయంలో చేతికి ఎముక లేకుండా ఉండకూడదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్‌లు 1978 నివేదికలో చూపింది ఇదే: వాళ్లు చూసిన విమాన భాగాల్లో వయసు పరిమితి వల్ల లాభపడగలిగేవి 11 శాతమే. ఎంటీబీఎఫ్‌ను మార్పిడి గడువుగా వాడడం ఇంకో పొరపాటు. ఫెయిల్యూర్ వయసుతో సంబంధం లేకుండా జరిగేదైతే ఎంటీబీఎఫ్ చేరేలోపే 63 శాతం ఫెయిలై ఉంటాయి. వైబుల్ లెక్కలో బీటా (వయసుతో ఫెయిల్యూర్ అవకాశం పెరుగుతోందో లేదో చెప్పే అంకె) 1కి స్పష్టంగా పైన ఉంటేనే గడువు పెట్టండి.

శాప్‌లోకి ఎక్కించడం

టాస్క్ లిస్టు ఐఏ05లో, మెజరింగ్ పాయింట్ (రీడింగులు నమోదయ్యే చోటు) ఐకే01లో అప్పర్, లోయర్ లిమిట్లతో సహా, సింగిల్ సైకిల్ ప్లాన్ ఐపీ41లో. ప్లాన్ వివరణ మొదట్లో ఫెయిల్యూర్ మోడ్ నంబరు వేయండి. ఐపీ10తో స్టార్ట్ చేసి, ఐపీ30ని రోజూ రాత్రి నడిచే జాబ్‌గా పెట్టించండి. అది నడవకపోతే ఆర్డర్లు పుట్టవు.

షిఫ్ట్ ఫ్యాక్టర్‌ను, అంటే పని ముందుగానో ఆలస్యంగానో చేస్తే తర్వాతి తేదీ ఎంత జరగాలో చెప్పే శాతాన్ని, ఎవరూ పట్టించుకోరు. వైబ్రేషన్ రీడింగ్ పది రోజులు ముందే తీసేశారనుకోండి. ఎర్లీ కంప్లీషన్ షిఫ్ట్ ఫ్యాక్టర్ సున్నా అయితే తర్వాతి తేదీ కదలదు, రెండు రీడింగుల మధ్య పది రోజులు పెరుగుతాయి. కండిషన్ పనులకు దాన్ని 100 శాతం పెట్టండి. టాలరెన్స్ కూడా చూసుకోండి, దాని లోపల పడిన తేడాను శాప్ లెక్కలోకి తీసుకోదు.

ఇక పాత ప్లాన్లు. ఒక్కో పాత పీఎం లైను ఎదురుగా అది ఏ మోడ్‌ను ఆపుతోందో రాయండి. ఏదీ దొరకకపోతే, చట్టం అడిగే పని కానంతవరకు, కారణం లాంగ్ టెక్స్ట్‌లో రాసి, ఆపరేషన్స్ సంతకంతో ఆ ప్లాన్‌ను డీయాక్టివేట్ చేయండి. కొత్తవి చేర్చి పాతవి ఉంచేస్తే ఫిట్టర్ మీద భారం రెట్టింపై, నిజంగా అవసరమైన రీడింగులే ముందు వాయిదా పడతాయి. ఆ తర్వాత నెలకోసారి ఈ రెండు పంపుల బ్రేక్‌డౌన్ నోటిఫికేషన్లు తెరిచి, వర్క్‌షీట్‌లో లేని మోడ్ వచ్చిందా, ఉన్న మోడ్ పని పెట్టినా తప్పించుకుందా అని చూసి, ఆ ఒక్క లైను సరిచేయాలి.