ట్రాక్ రంపం కోత గాడి తప్పితే ఎక్కడ వెతకాలి?

కోత వంకర పోగానే మనం ముందుగా రంపాన్నే అనుమానిస్తాం. ట్రాక్ రంపం రైలు మీద, అంటే చెక్కపై పరిచే పొడవాటి అల్యూమినియం పట్టా మీద, జారుతూ అది చూపిన దారినే పోతుంది కనుక, రైలు, రెండు రైళ్లను కలిపే కడ్డీలు, మూలమట్టం (లంబకోణం చూసే సాధనం), క్లాంపులు ఎక్కడెక్కడ ఆనుతున్నాయో చూడనిదే ఏ స్క్రూనూ తిప్పవద్దని నా గట్టి సలహా. వాటిమీద చేయి వేసే ముందు ప్లగ్ తీసేయాలి. బ్యాటరీ రంపమైతే బ్యాటరీని బయటకు తీయాలి.

రెండు రైళ్లు కలిపితే కోత విల్లులా వంగుతోంది

ఎక్కువ మందిని విసిగించే సమస్య ఇదే. రైలు చివరలు ఖచ్చితంగా లంబంగా ఉంటాయని నమ్మి రెండింటినీ గట్టిగా ఒరిపించి బిగిస్తే, చివరల్లోని చిన్న వాలు కాస్తా మొత్తం పొడవునా వంపుగా మారుతుంది. అందువల్ల రెండు రైళ్ల మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్ల సందు వదిలి, నమ్మకమైన పొడవాటి సూటి పట్టీని రెండింటి అల్యూమినియం అంచుకు ఆనించి, కడ్డీల స్క్రూలను ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించాలి. ఒక స్క్రూను ఒకేసారి బలంగా తిప్పితే కడ్డీ పక్కకు నెట్టుకుని రైలును కూడా లాగేస్తుంది. సూటి పట్టీని కోత వైపున రైలుకు అతికించి ఉండే రబ్బరు అంచుకు మాత్రం ఆనించకూడదు, ఎందుకంటే అది మెత్తగా ఒదిగిపోయి తప్పును దాచేస్తుంది.

పరీక్షకు ఒక పలకపై రైలు వెంట సన్నని పెన్సిల్ గీత గీసి, రైలును తలకిందులు చేయకుండా అటు చివర ఇటు వచ్చేలా తిప్పి గీతకు అవతలి వైపున ఉంచి, అదే అంచును గీత రెండు కొనలకూ కలిపి మళ్లీ గీయాలి. మధ్యలో కంటి ఆకారంలో ఖాళీ కనిపిస్తే, అసలు వంపు ఆ వెడల్పులో సగం.

అడ్డకోత లంబంగా రావడం లేదు

రైలుకు తగిలించే మూలమట్టం పలక అంచుకు పూర్తిగా ఆనకపోవడమే సాధారణంగా దీనికి కారణం. 300 మిల్లీమీటర్ల మూలమట్టం ఒక చివర కింద అర మిల్లీమీటరు పొట్టు ఇరుక్కున్నా, 1200 మిల్లీమీటర్ల కోత చివరకు తేడా 2 మిల్లీమీటర్లవుతుంది. అంచును వేలితో తడిమి తుడిచిన తరువాతే ఆనించాలి. బెంచీకి కీలుతో బిగించిన రైలైతే, పలక మందం మారినప్పుడల్లా ముందు, వెనక ఆధారాల ఎత్తు సరిచేయాలి. లేకుంటే రైలు పలకపై పరుచుకోక ఊగుతుంది.

కోత మధ్యలో రైలు జరుగుతోంది

అడుగున ఉన్న జారని పట్టీలకు పొట్టు పట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే పట్టు తిరిగి వస్తుంది. నున్నటి లామినేట్ మీద మాత్రం రెండు చివరలా క్లాంపులు వేయడమే మేలు.

అంచు పేళ్లు లేస్తోంది

రబ్బరు అంచు చిరిగి ఉండవచ్చు, లేదా బ్లేడు మార్చినందువల్ల కోత దానికి దూరమై ఉండవచ్చు. పాతదాన్ని వెచ్చటి గాలితో మెత్తబరిచి లాగి, మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది అతికించి, రైలును క్లాంపులతో బిగించి, మొదటి కోతతోనే దాన్ని బ్లేడు గీతకు సరిపడా కత్తిరించాలి. తరువాత మరో రంపాన్ని అదే రైలుపై వాడకపోవడం మంచిది.

రంపం ఊగుతోంది లేదా పట్టేస్తోంది

రంపం అడుగు పలకలోని సర్దుబాటు మీటలను, ఊగడం ఆగి రంపం తేలికగా జరిగే చోట బిగించాలి. పట్టేస్తుంటే రైలుపై రంపం జారే పట్టీలను తుడిచి కాస్త మైనం రుద్దాలి. సిలికాన్ స్ప్రే వద్దు. అది చెక్కకు అంటితే పాలిష్ సరిగా పట్టదు.

సన్నని పట్టీలు కోస్తుంటే రైలు ఒరుగుతోంది

రైలు వెడల్పుకు సరిపడా చెక్క అడుగున లేదన్నమాట. అదే మందం గల వృథా ముక్కను రైలు వెనుక అంచు కింద పెట్టి కోయాలి.