ఫైల్ మధ్యలో సున్నాలు: ఎన్‌ఎఫ్‌ఎస్ రైట్ కోడ్‌లో అంచు బగ్గులను పట్టి సరిచేయడం

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ధాన్యం లారీ లోడుతో వచ్చినప్పుడు ఒకదానిలో, ఖాళీ అయి వెళ్లేటప్పుడు మరోదానిలో తూకం నమోదవుతుంది. రెండూ ఆఫీసు గదిలోని లినక్స్ సర్వర్‌లో ఉన్న ఒకే ఫైల్ చివర, నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో, వరుసలు చేరుస్తాయి. ఈ రెండు కంప్యూటర్లే క్లయింట్లు. లారీలు బారులు తీరిన రోజుల్లో అప్పుడప్పుడు ఒక వరుస కనిపించదు. దాని చోట అంతే పొడవున సున్నా బైట్లు ఉంటాయి. పోయిన ఆ వరుస ఒక రైతు అమ్ముకున్న పంట. డిస్కు చెడిందనో కేబుల్ వదులైందనో అవి మారుస్తారు, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు నల్లగొండలో మా ఇంట్లో కూర్చుని నేను ఏ క్రమంలో పని చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. సీ భాష, కర్నెల్ కంపైల్ చేయడం వచ్చినవారు దీన్ని అనుసరించగలరు.

వెంటనే కోడ్ తెరవకండి. పాడైన ఫైల్‌ను హెక్స్‌డంప్‌తో చూసి, సున్నాలు ఏ బైట్ దగ్గర మొదలై ఏ బైట్ దగ్గర ఆగాయో రాసుకోండి. ఆ రెండు అంకెలూ 4096 గుణిజాలైతే పేజీలను, అంటే 4096 బైట్ల మెమరీ ముక్కలను, నిర్వహించే కోడ్‌ను అనుమానించాలి. మౌంట్ చేసేటప్పుడు ఇచ్చిన డబ్ల్యూసైజ్ (ఒక రైట్ అభ్యర్థనలో పంపగల గరిష్ఠ బైట్లు) గుణిజాలైతే ఒక రైట్ అభ్యర్థన మొత్తంగా పోయి ఉండవచ్చు. ఆ సమయంలో సర్వర్ పడి లేచిందేమో లాగ్‌లో చూడండి. ఏ గుణిజమూ కాకుండా, ఒక వరుస ముగిసిన చోట మొదలై ఇంకో వరుస మొదలయ్యే చోట ఆగితే, ఏదో ఒక క్లయింట్ ఫైల్ పొడవు గురించి పాత సమాచారంతో పని చేసిందని అర్థం. మిల్లు ఫైల్‌లో ఉన్నది ఈ మూడో రకం.

తర్వాత తేల్చుకోవలసింది, ఇది కోడ్‌లో బగ్గా, ప్రొటోకాల్ హద్దా అని. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో 'చివర చేర్చు' అనే ఆదేశం లేదు. 1995 నాటి మూడో వెర్షన్‌లో రైట్ అభ్యర్థన అంటే ఏ ఫైల్, ఏ ఆఫ్‌సెట్ (ఫైల్‌లో ఎన్నో బైట్ నుంచి), ఎన్ని బైట్లు, ఎంత స్థిరంగా రాయాలి, డేటా. ప్రోగ్రామ్ ఓ_అపెండ్‌తో (చివరే రాయాలన్న సూచనతో) తెరిచినా, ఫైల్ చివర ఎక్కడుందో క్లయింట్ కర్నెలే లెక్కగట్టి ఆ ఆఫ్‌సెట్ పంపుతుంది. రెండు క్లయింట్లూ ఒకే క్షణంలో 1000 అని లెక్కగడితే ఒకరి వరుస మీద మరొకరి వరుస పడుతుంది. ఏ ప్యాచూ దీన్ని ఆపలేదు. ఫైల్‌కు లాక్ వేయాలి, లేదా ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో ఫైల్ ఇచ్చి తర్వాత కలపాలి. మిల్లులకు నేను రెండోదే గట్టిగా చెబుతాను.

కానీ సున్నాల సంగతి వేరు. సున్నాలు రాయమని ఏ ప్రోగ్రామూ అడగలేదు. పేజీ మొత్తం తన దగ్గర తాజాగా ఉందని లినక్స్ క్లయింట్ నమ్మితే, మీరు 80 బైట్లే రాసినా ఆ రైట్‌ను పేజీ అంతటికీ విస్తరిస్తుంది. చిన్న ముక్కలు కలిసిపోయి పని వేగంగా సాగుతుంది. ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో చూడండి. మన క్యాష్‌లో ఫైల్ 1000 బైట్ల వరకే ఉంది, పేజీలో మిగతాదంతా సున్నాలు. అవతలి కంప్యూటర్ 1080 వరకు రాసింది. మన కర్నెల్ కొత్త పొడవు తెలుసుకుంది గానీ పేజీ పాతబడిందని గుర్తించలేదు. 1080 దగ్గర మన వరుస చేర్చి పేజీని పంపగానే, 1000 నుంచి 1079 వరకు అవతలివారు రాసినదాని మీద మన సున్నాలు పడతాయి. రైట్‌ను విస్తరించవచ్చా లేదా అని నిర్ణయించే ఫంక్షన్ లినక్స్ కర్నెల్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలోని రైట్.సి ఫైల్‌లో ఉంది. క్యాష్ చెల్లుతుందా, బైట్ల పరిధికి లాక్ ఉందా, సింక్ రైట్ (డేటా డిస్కుకు చేరేదాకా ఆగే రైట్) అడిగారా అని అది పరీక్షిస్తుంది. ఆ షరతులను ఒక్కొక్కటిగా చదవండి. సున్నాల బగ్గుకు నేను మొదట వెళ్లేది అక్కడికే.

బగ్గును ఇంట్లో పుట్టించడానికి రెండు పాత కంప్యూటర్లు చాలు. డబ్ల్యూసైజ్‌ను 4096కు తగ్గించి మౌంట్ చేయండి. అంచులు ఎక్కువైతే తప్పు త్వరగా బయటపడుతుంది. మౌంట్ 'హార్డ్'గానే ఉండాలి. 'సాఫ్ట్' పెడితే గడువు దాటిన రైట్‌లు విఫలమై, మీరు వెతికే తప్పుతో కలగలిసిపోతాయి. నా సర్వర్‌కు కావాలనే యూపీఎస్ పెట్టలేదు, క్లయింట్‌కు పెట్టాను. మే నెలలో గాలివానకు కరెంటు పోతే సర్వర్ రైట్ మధ్యలో ఆగిపోతుంది, క్లయింట్ అంతా చూస్తూ ఉంటుంది. వర్చువల్ మెషీన్‌ను రీసెట్ చేసినా ఇదే ఫలితం.

ఎఫ్‌ఎస్‌ఎక్స్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌ను తప్పక నడపండి. అది ఇష్టం వచ్చిన ఆఫ్‌సెట్‌లలో రాస్తూ, చదువుతూ, ఫైల్‌ను కుదిస్తూ, ప్రతిసారీ తన మెమరీలోని నకలుతో పోల్చి, తేడా కనిపించగానే ఆగుతుంది. అదే సీడ్ ఇస్తే అదే క్రమం మళ్లీ నడుస్తుంది. అయితే అది ఒకే క్లయింట్‌ను పరీక్షిస్తుంది. రెండు క్లయింట్ల తగాదాకు పీరైట్ (ఇచ్చిన ఆఫ్‌సెట్‌లో రాసే) పిలుపులతో చిన్న ప్రోగ్రామ్ మీరే రాసుకోవాలి.

ఆ ప్రోగ్రామ్ నడుస్తుండగా టీసీపీడంప్‌తో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టు ప్యాకెట్లను పట్టి, వాటిని విప్పి చూపే వైర్‌షార్క్‌లో తెరవండి. ప్రోగ్రామ్ రాసిన పరిధిని, తీగ మీద వెళ్లిన పరిధిని పక్కపక్కన పెట్టండి. తీగ మీద ఎక్కువ వెళ్లి ఆ అదనపు చోటే ఫైల్ పాడైతే పేజీ విస్తరణ తప్పు. తక్కువ వెళితే మురికి పరిధి, అంటే ఇంకా సర్వర్‌కు పంపని బైట్ల లెక్క తప్పు. సరిగ్గా వెళ్లి కూడా ఫైల్ పాడైతే సర్వర్ వైపు చూడాలి. ఈ పోలిక చేయకుండా కోడ్ మార్చడాన్ని నేను ఒప్పుకోను.

మురికి పరిధి గురించి కొంచెం ఆగి చెప్పాలి. లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలో ఒక్కో బఫర్‌కు ఒకే ఒక మురికి పరిధి ఉంటుంది: మొదలు, చివర. లినక్స్‌లో పేజీ అభ్యర్థనకూ అంతే. 100 నుంచి 200 వరకు మురికిగా ఉండగా 600 నుంచి 700 వరకు కొత్త రైట్ వస్తే, పాతదాన్ని ముందు పంపేయాలి. రెండింటినీ కలిపి 100 నుంచి 700 అని గుర్తించడం, ఒక మడికీ దాన్ని విడిచి మూడో మడికీ నీళ్లు పెట్టి నడుమ మడి కూడా తడిసిందని లెక్క రాసుకోవడం లాంటిది. కొత్త మొదలు పాత చివర కంటే ఎక్కువైతేనో, కొత్త చివర పాత మొదలు కంటే తక్కువైతేనో మాత్రమే పంపాలి, సమానమైతే కలపవచ్చు. ఈ పోలిక అటు జారితే వేగం పోతుంది, ఇటు జారితే డేటా పోతుంది. పేజీ సంఖ్యను 12 బిట్లు జరిపి ఆఫ్‌సెట్‌గా మార్చే చోట కూడా చూడండి: ముందే 64 బిట్ల రకానికి మార్చకపోతే, 32 బిట్ల యంత్రంలో 4 జీబీ దాటగానే అంకె చుట్టు తిరిగి ఫైల్ మొదట్లో రాస్తుంది. 4294967290 దగ్గర 12 బైట్లు రాసి చదివితే తేలిపోతుంది. ఫైల్ ఖాళీలతోనే ఉంటుంది కాబట్టి డిస్కు నిండదు.

సర్వర్ అడిగినదానికంటే తక్కువ రాసి, ఆ సంఖ్యను జవాబులో చెప్పవచ్చు. అప్పుడు ఆఫ్‌సెట్‌ను, పేజీలోని స్థానాన్ని, మిగిలిన లెక్కను మూడింటినీ జరపాలి. ఒకటి మరిచినా ఫైల్ పాడవుతుంది. అస్థిర రైట్ (డిస్కుకు చేరకముందే సర్వర్ జవాబివ్వగల రైట్) అయితే లినక్స్ మొత్తాన్ని స్థిర రైట్‌గా మళ్లీ పంపుతుంది. సర్వర్ సున్నా బైట్లు రాశానంటే మళ్లీ మళ్లీ పంపుతూ తిరగకుండా ఈఐఓ (ఇన్‌పుట్/ఔట్‌పుట్) తప్పిదం ఇవ్వాలి.

కరెంటు పోయే మన ఊళ్లకు ముఖ్యమైనది వెరిఫయర్. అస్థిర రైట్‌కు జవాబులో సర్వర్ 8 బైట్ల గుర్తు ఇస్తుంది. తర్వాత కమిట్ (డేటాను డిస్కుకు చేర్చమనే అభ్యర్థన) జవాబులో ఆ గుర్తు మారితే, సర్వర్ మధ్యలో పడి లేచిందని, తన మెమరీలోనే ఉన్న డేటా పోయి ఉండవచ్చని అర్థం. కాబట్టి రైట్ జవాబు రాగానే పేజీని వదిలేసే కోడ్ ఎక్కడ కనిపించినా అది బగ్గే. గుర్తు మారితే ఆ పేజీలన్నీ మళ్లీ మురికిగా గుర్తించి మళ్లీ పంపాలి. డిస్కు నిండిందన్న తప్పిదం కూడా ఆలస్యంగానే వస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకుని ఎఫ్‌సింక్‌కో క్లోజ్‌కో అందించాలి.

అన్నిచోట్లా సింక్ మౌంట్ పెట్టి బగ్గు పోయిందనుకోవడం పరిష్కారం కాదు. వేగం పడిపోతుంది, తప్పు కోడ్‌లోనే ఉండిపోతుంది. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు చేయండి. వివరణలో ప్రోగ్రామ్ రాసిన ఆఫ్‌సెట్‌లు, తీగ మీద వెళ్లినవి, మార్పు తర్వాత వెళ్తున్నవి రాయండి. తప్పు ఏ మార్పుతో వచ్చిందో గిట్ బైసెక్ట్‌తో తేల్చి, దాని గుర్తింపులోని మొదటి 12 అక్షరాలతో 'ఫిక్సెస్' వరుస పెట్టండి. మూడో వెర్షన్‌తోనూ నాలుగుతోనూ, మెమరీ మ్యాప్ రైట్‌లతోనూ లేకుండానూ ఎఫ్‌ఎస్‌ఎక్స్ మళ్లీ నడపండి. బగ్గును పుట్టించిన మీ చిన్న ప్రోగ్రామ్‌ను ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే ఫైల్ సిస్టమ్ పరీక్షల సంపుటిలో చేర్చగల రూపంలోకి మార్చి ప్యాచ్‌తోపాటే పంపండి.