వానలు పట్టుకునేలోపు మీ జియోక్యాష్ డబ్బాలు ఒకసారి చూసి రండి

సియాటిల్ వైపు ఉండేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సెప్టెంబర్ నెలాఖరు దాకా ఎండ బాగానే కాస్తుంది. అక్టోబర్ సగం దాటిందంటే ముసురు మొదలవుతుంది, ఇక వసంతం దాకా వదలదు. మన వైపు తుపాను వానలా రెండు రోజులు దంచికొట్టి పోయే రకం కాదు. సన్నగా, తెరిపి లేకుండా, నెలల తరబడి కురుస్తూనే ఉంటుంది. వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి సరదాగా డబ్బాలు దాచినవాళ్లు వాటిని చూసుకోవాల్సింది ఇప్పుడే. నవంబర్లో చూద్దాంలే అనుకుంటే అప్పటికి లోపలి లాగ్‌బుక్, అంటే వచ్చినవాళ్లు పేర్లు రాసే పుస్తకం, ముద్దయిపోయి ఉంటుంది. మీరేమో బురదలో, చీకట్లో టార్చి పట్టుకుని వెతుక్కుంటూ ఉంటారు.

జియోక్యాషింగ్ అంటే ఏమిటో కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు నీళ్లు చొరని డబ్బా ఒకటి ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఆన్‌లైన్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి, డబ్బా కనిపెట్టి, లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ ఎలా ఉన్నది అలాగే దాచేసి వస్తారు. ఆటంతా ఇంతే. మా అమ్మకు ఫోన్లో చెప్తే "అడవిలో క్యాష్ ఎవడు పెడతాడ్రా, జాగ్రత్త" అంది. ఆ క్యాష్ వేరు, ఈ క్యాష్ వేరు అని నమ్మించడానికి వీడియో కాల్‌లో డబ్బా తెరిచి చూపించాల్సి వచ్చింది.

ఈ ఆట పుట్టింది కూడా ఇక్కడే, మా వాషింగ్టన్ రాష్ట్రానికి పక్క రాష్ట్రంలోనే. పౌరుల జీపీఎస్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని పెట్టిన తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. మరుసటి రోజే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను సగం మట్టిలో పాతి, కోఆర్డినేట్లు ఇంటర్నెట్‌లో పెట్టాడు. లోపల పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, కొంచెం డబ్బు, ఒక బీన్స్ డబ్బా. ఇప్పుడైతే ఆ బకెట్‌కు రివ్యూయర్, అంటే కొత్త డబ్బాలను పరిశీలించి ఆమోదించే మనిషి, ఒప్పుకోడు, ఎందుకంటే స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి పాతకూడదు, తినే వస్తువు లోపల పెట్టకూడదు. ఈ రెండు నియమాలూ ఊరికే పెట్టినవి కావు. రెండోది నాకు అనుభవం మీద అర్థమైంది.

మొదటి డబ్బా పెట్టినప్పుడు కొత్తది కొనడం దండగనిపించి, ఇంట్లో ఖాళీ అయిన ఆవకాయ డబ్బా వాడాను. మూడుసార్లు సబ్బుతో కడిగాను, ఎండలో పెట్టాను. నా ముక్కుకు ఏమీ తగల్లేదు. రకూన్ ముక్కు మన ముక్కు లాంటిది కాదు కదా. పది రోజుల్లో మూత కొరికేసి, లోపల పిల్లల కోసం పెట్టిన చిన్న బొమ్మలన్నీ ఫెర్న్ పొదల్లో చిందరవందర చేసింది. పచ్చడి, నెయ్యి, మసాలా ఏది పెట్టిన డబ్బా అయినా పనికిరాదు. అలాగే లోపల చాక్లెట్లు, వాసన వచ్చే సబ్బులు, లిప్ బామ్, సెంటు కొవ్వొత్తులు ఉంటే తీసేయండి. ఎలుగులు తిరిగే చోట్లలో ఇది ఆటలో మర్యాద ఒక్కటే కాదు, తర్వాత వచ్చేవాళ్ల భద్రత కూడా.

డబ్బా దగ్గరికి వెళ్లాక ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే చాలామంది మూత తీసి, పుస్తకం ఉందని చూసి, మూసేసి వచ్చేస్తారు. నాలుగు వైపులా క్లిప్పులు ఉండే డబ్బా అయితే మూత అంచున ఉండే రబ్బరు పట్టీని వేలితో తడిమి చూడండి. ఒక్క ఇసుక రేణువు, ఒక్క ఎండుటాకు తునక దాని మీద ఉన్నా చాలు, వాన అక్కడి నుంచే దారి చేసుకుంటుంది. పొడి గుడ్డతో తుడవండి. పట్టీ సాగిపోయినా, ఒక క్లిప్పు విరిగినా డబ్బా మార్చేయండి, టేపు చుట్టి సరిపెట్టకండి. చిన్న ట్యూబు డబ్బాలకు లోపల ఓ-రింగ్ అనే రబ్బరు ఉంగరం ఉంటుంది, అది పగిలిందేమో చూడండి. పాత ఫిల్మ్ రీలు డబ్బీలు మాత్రం ఈ ప్రాంతానికి అస్సలు పనికిరావు. ఒక్క శీతాకాలం కూడా నీళ్లు ఆపవు.

జిప్‌లాక్ కవర్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. ఒకసారి తడి చేతులతో ఎవరైనా తెరిస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది, బయటికి పోయే దారి లేక బూజు పడుతుంది. పుస్తకాన్ని వాన తట్టుకునే కాగితంతో చేసినదే పెట్టండి. జెల్ పెన్ వద్దు, తడి తగిలితే అలుక్కుపోతుంది, చలికి రాయదు. పొట్టి పెన్సిల్ ఒకటి చెక్కి పెడితే ఏ గొడవా ఉండదు. పాత పుస్తకం నిండిపోతే పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. ఎవరైనా వెళ్లకుండానే "దొరికింది" అని ఆన్‌లైన్‌లో రాసుకుంటే, పోల్చి చూడ్డానికి పనికొచ్చేది అదే. అలాంటి దొంగ లాగ్‌లు తీసేయడం కూడా ఓనర్ బాధ్యతే, అంటే డబ్బా దాచినవాళ్లదే.

చుట్టూ నేలను కూడా చూడండి. ట్రెయిల్ నుంచి మీ డబ్బా దాకా నాచు అరిగిపోయి, ఫెర్న్‌లు నలిగి, కొత్త కాలిబాట పడిందంటే దాచిన చోటు మార్చే టైమ్ వచ్చినట్టే. వానలో ఆ బాట కాలువవుతుంది. పార్కు వాళ్ల కంట పడేది డబ్బా కాదు, ఈ బాట. దీనివల్ల అనుమతి కూడా రద్దు కావచ్చు.

ఇక మన ఒంటి సంగతి. సెప్టెంబర్లో పెద్ద భయం ఎలుగులు కాదు, ఎల్లోజాకెట్లు, అంటే పసుపు చారల కందిరీగలు. వేసవి చివరికి వాటికి తిండి తగ్గి చిరాకు మీద ఉంటాయి. గూళ్లు పెట్టేది నేల బొరియల్లో, కుళ్లిన దుంగల్లో. మనం డబ్బాలు దాచేదీ సరిగ్గా అక్కడే. చెయ్యి పెట్టే ముందు ఒక నిమిషం దూరంగా నిలబడి చూడండి. ఒకే బొరియలోకి రాకపోకలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి, ఇంకో రోజు చూసుకోవచ్చు. చల్లటి ఉదయం పూట వెళ్తే అవి కాస్త మందంగా ఉంటాయి. కందిరీగ కుడితే అలర్జీ వచ్చేవాళ్లు డాక్టర్ రాసిచ్చిన ఇంజెక్షన్ కార్లో వదిలేయకుండా జేబులో పెట్టుకోవాలి. ఊళ్లో డబ్బాలకైతే మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. గార్డ్ రెయిల్ వెనకా, గోడ సందుల్లో వాడేసిన సిరంజీలు ఉండే అవకాశం ఉంది. కంటికి కనపడని చోట ఉత్త వేళ్లు పెట్టకూడదు, పిల్లల చేత అసలే పెట్టించకూడదు.

అక్టోబర్ మధ్య నుంచి జింకల వేట సీజన్. వాషింగ్టన్‌లో తుపాకీతో వెళ్లే వేటగాళ్లే మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వేసుకోవాలని చట్టం. స్టేట్ ఫారెస్టుల్లో ఆ రోజుల్లో తిరిగే మనమూ అలాంటి వెస్ట్ వేసుకుంటే మంచిది. ఖాకీ, ఆకుపచ్చ జాకెట్లు వేసుకుని పొదల్లో వంగి వెతకడం ఎలా కనిపిస్తుందో మీరే ఊహించుకోండి.

నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరిగాక సాయంత్రం అనేదే ఉండదు. డిసెంబర్ మధ్యలో 4 గంటల 20 నిమిషాలకల్లా సూర్యుడు వెళ్లిపోతాడు, చెట్ల కింద అంతకంటే అరగంట ముందే చీకటి. ఆఫీసు అయ్యాక వెళ్లి చూసొస్తాను అనే మాట మార్చి దాకా మానేయండి. జీన్స్, కాటన్ స్వెట్‌షర్టు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. మంచు పడేటప్పుడు మనమే జాగ్రత్తగా ఉంటాం. మనల్ని మోసం చేసేది 5 డిగ్రీల దగ్గర పడే సన్నటి వాన. ఉన్ని లేదా సింథటిక్ బట్టలు, పైన రెయిన్ జాకెట్, తలకు కట్టే లైటు, పవర్ బ్యాంక్ ఉండాలి. మ్యాపు, డబ్బా పేజీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. ఏ ట్రెయిల్‌కు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

గాలివాన తర్వాతి రోజు డబ్బా ఏమైందో చూడాలని ఆత్రం ఉంటుంది. ఆగండి. 2024 నవంబర్ 19 రాత్రి ఎలా కూలాయో ఇక్కడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఈస్ట్‌సైడ్ అంతా, అంటే సియాటిల్‌కు తూర్పు వైపు ఊళ్లన్నిట్లో, చెట్లే. కింద పడ్డ చెట్టు కంటే, విరిగి పై కొమ్మల్లో వేలాడుతున్నదే ప్రమాదం. వానలు పడేటప్పుడు రోడ్డు కింది కల్వర్టుల్లోకి వెళ్లాల్సిన డబ్బాల జోలికి పోవద్దు. పైన ఎక్కడో కురిసిన నీళ్లు మీకు తెలిసేలోపే వచ్చేస్తాయి. మీరే అలాంటి చోట డబ్బా పెట్టి ఉంటే సీజన్ మొత్తం ఆన్‌లైన్‌లో డిజేబుల్ చేసి, అంటే తాత్కాలికంగా ఆపేసి, ఉంచండి. ట్రెయిల్‌గా మారిన పాత రైలు సొరంగం, స్నోక్వాల్మీ సొరంగం కూడా నవంబర్ 1న మూసేస్తారు, పై నుంచి పెద్ద పెద్ద మంచు ముక్కలు పడతాయి కాబట్టి. అది దాటి ఆ పక్క డబ్బాల దగ్గరికి వెళ్లేవాళ్లు అక్టోబర్లోనే పని కానిచ్చుకోవాలి.

చెప్పడానికి కాస్త ఇబ్బందే అయినా చెప్పాల్సిన విషయం ఒకటుంది. నలుగురు మనుషులు ఒక లైట్ స్తంభం చుట్టూ, ఒక ఇంటి కంచె పక్కన అరగంట తచ్చాడితే ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తారు. మనవాళ్లకు అలా రెండు మూడుసార్లు జరిగింది. దాక్కోవద్దు, పరుగెత్తొద్దు, చేతులు కనిపించేలా ఉంచి, ఆట గురించి చెప్పి యాప్ చూపిస్తే చాలావరకు నవ్వుతూ వెళ్లిపోతారు. ఓనర్‌గా మన పనేమిటంటే, డబ్బా మీద "జియోక్యాష్" అని, ఆన్‌లైన్‌లో దానికిచ్చే గుర్తింపు నంబరు, అంటే జీసీ కోడ్, కనిపించేలా రాయడం. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ ఊళ్లో ఒక కెఫే బయట దాచిన చిన్న డబ్బా చూసి బాంబనుకుని వీధి ఖాళీ చేయించి, నిపుణుల్ని పిలిచి పేల్చేశారు. బడుల దగ్గర, వంతెనల కింద, స్టేషన్ల దగ్గర పెట్టకండి. పైపుకు నల్ల టేపు చుట్టి డబ్బా చేయడం అసలే వద్దు.

వానాకాలంలో లాగ్‌లు చదవడం మానకండి. వరసగా రెండు డీఎన్ఎఫ్‌లు పడ్డాయంటే, అంటే వెళ్లినవాళ్లకు దొరకలేదంటే, డబ్బా పోయిందేమోనని అనుమానించాలి. "ఓనర్ అటెన్షన్" అని, అంటే డబ్బా ఒకసారి చూసుకోమని, ఎవరైనా పెడితే దాన్ని ఫిర్యాదుగా తీసుకుని ముఖం మాడ్చుకోవద్దు, వాళ్లు మీ పని సగం చేసిపెట్టారు. వెంటనే వెళ్లలేకపోతే తాత్కాలికంగా డిజేబుల్ చేసి ఒక వాక్యం రాయండి. మామూలుగా 4 వారాల్లో సరిచేయాలి. ఏ జవాబూ లేకపోతే రివ్యూయర్ ఆర్కైవ్ చేసేస్తాడు, అంటే డబ్బా పేజీని శాశ్వతంగా మూసేస్తాడు. ఇతరుల డబ్బా దొరకనప్పుడు జాలిపడి మీ దగ్గరున్న కొత్త డబ్బా అక్కడ పడేసి రావద్దు. దీన్ని త్రోడౌన్ అంటారు. పాతది ఆ పక్క దుంగ కిందే ఉండొచ్చు, అప్పుడు అక్కడ రెండవుతాయి, ఏది అసలుదో ఓనర్‌కే తెలియదు. పుస్తకం తడిస్తే పొడి కాగితం ఒకటి పెట్టి, ఆ మాట లాగ్‌లో రాయడం వేరు. అది సాయమే.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు రెండు మాటలు. మన ఊరి చెరువు గట్టున ఒక డబ్బా పెట్టాలని అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. తిరిగి వచ్చేశాక దాన్ని చూసే మనిషి అక్కడ లేకపోతే రివ్యూయర్ ఒప్పుకోడు. తమ్ముడో, బావగారో చూసుకుంటానని మాటిస్తే అది వేరు. రెండోది, కొండలెక్కేవాళ్లు వాడే శాటిలైట్ మెసెంజర్ పరికరాలు బ్యాగులో ఉంటే తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి. ఇండియాలో అనుమతి లేకుండా అవి తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, కేసు కూడా పెట్టారు.

నావి ఐదు డబ్బాలున్నాయి. టైగర్ మౌంటెన్ మీది రెండు ఈ నెలాఖరుకు ఆర్కైవ్ చేస్తున్నాను, చంటిపిల్లతో నవంబర్లో అంత దూరం ఎక్కలేను. ఆన్‌లైన్‌లో నొక్కేసి ఊరుకుంటే అడవిలో ప్లాస్టిక్ అలాగే మిగిలిపోతుంది కాబట్టి వచ్చే శనివారం వెళ్లి డబ్బాలు మోసుకొస్తాను. ఇంకొకటి సమామిష్‌లో చెరువు పక్కది, దాన్ని ఎవరైనా అడాప్ట్ చేసుకుంటారా, అంటే ఓనర్‌గా తమ పేరు మీదకు మార్చుకుంటారా? ఆర్కైవ్ చేశాక బదిలీ కుదరదు, అందుకే ముందే అడుగుతున్నాను. పార్కింగ్ నుంచి పది నిమిషాల నడక, రబ్బరు పట్టీ పోయిన నెలే మార్చాను.